మెస్సులో యేసుదాసు వంతు

మత్తయి గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. ఆదివారం గుడికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. వీపు ద్వారబంధం ఒక పక్కకు ఆనించి, కాళ్ళు రెండో పక్కకు తన్నిపెట్టి, ఆ ఇంటికి తనే తలుపైపోయాడు.

"పోయేవాళ్ళు పోండి. నా మీద కాలేసి పోండి," అన్నాడు.

లోపల ముగ్గురున్నారు. ఎవరూ కదల్లేదు.

కొడుకు యేసుదాసు తెనాలి నుంచి పొద్దున రైలుకు వచ్చి, భట్టిప్రోలు స్టేషన్లో దిగి, నేరుగా తల్లి దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు. "అమ్మా, రేపు మా హాస్టలుకొచ్చి వంట చెయ్యాలి." ఆ మాటకు కొండమ్మ ఇంతవరకు ఔననలేదు, కాదనలేదు. గుడికెళ్ళింది. పాట పాడింది. తిరిగొచ్చి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

కూతురు ప్రేమకుమారి రేపల్లెలో టీచరు ట్రైనింగు చదువుతోంది. ఆదివారానికి ఇంటికొచ్చింది. ఆ పిల్లకు నోరు ఆగదు.

"నువ్వు గడప మీద కూచుంటే మేం ఆగుతామా నాన్నా? పెరటి తడిక తోస్తే పడిపోద్ది."

"తొయ్యవే. తోసి చూడు."

"అన్నయ్య ఏమడిగాడని? దొంగతనానికి రమ్మన్నాడా? అన్నం వండమన్నాడు."

"ఎవురికి వండాలి? ఆసాముల బిడ్డలకా! మీ అమ్మ చేత్తో కలిపిన కూర ఆళ్ళు తింటారా? తినకపోగా ఊరంతా మన మీదికొచ్చుద్ది. ఇన్నేళ్ళూ మన పిల్లకాయలు ఆ హాస్టల్లో చదవలేదా? వంతొస్తే నాకొద్దండీ అని పక్కనోడికిచ్చి, మూల కూచుని తిని, పాసయి పోలేదా? ఈడికే వచ్చిందా పౌరుషం?"

"అందుకే నాన్నా," అన్నాడు యేసుదాసు. "ఇన్నేళ్ళూ మూల కూచున్నాం కాబట్టే అది మన మూల అయిపోయింది."

"నోరు మూసుకో. బి.ఏ. చదవరా అంటే వంటింటి తాళాలు పట్టుకు తిరుగుతున్నావు."

అవును, తాళమే. ఆ హాస్టల్లో మెస్సు నడిపేది కుర్రాళ్ళే. నెలకొకడు మేనేజరు. స్టోరు గది తాళం వాడి దగ్గరుంటుంది. వంటగదిలో నిలబడి వండించేది వాడు, పంక్తిలో మొదటి గరిటె వడ్డించేది వాడు. మాలపల్లెల నుంచి వచ్చిన మన పిల్లల వంతు వచ్చినప్పుడల్లా తాళం ముట్టుకోకుండానే వదిలేస్తూ వచ్చారు. వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకుండా సాగిపోయే అన్యాయమే అన్నిటికన్నా గట్టిది.

యేసుదాసు వదల్లేదు. తాళం తీసుకున్నాడు. వంటగదిలో కాలు పెట్టాడు. వంటాయన గరిటె నేలకేసి కొట్టి, తువ్వాలు భుజానేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పొయ్యి వెలగలేదు. డబ్బున్న కుర్రాళ్ళు హోటళ్ళకు పోయారు. లేనివాళ్ళు మరమరాలు తిని నీళ్ళు తాగారు.

అప్పుడు వార్డెను వీరరాఘవయ్య పిలిచాడు. ఆయన చరిత్ర మేష్టారు. భట్టిప్రోలు స్తూపం మీద గంట పాఠం చెబుతాడు. బుద్ధుడి సంఘంలో మంగలీ రాజకుమారుడూ ఒకే వరసలో కూర్చున్నారని చెప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఆ మనిషే యేసుదాసుతో, "సోమవారం మధ్యాహ్నం బెల్లుకి భోజనం పెట్టగలిగావా సరే. లేదంటే తాళం నా చేతిలో పెట్టు. ఇకమీదట వంతులే ఉండవు, మేనేజర్ని నేను పెడతాను," అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకోలేదు.

ఏ వంటమనిషీ రానన్నాడు. అందుకే యేసుదాసు తల్లి దగ్గరికొచ్చాడు. గుడి పండగలకు పల్లె మొత్తానికి వండి పెట్టేది కొండమ్మే.

"అమ్మా, నువ్వన్నా మాట్టాడు," అన్నాడు.

కొండమ్మ చేట చెరిగింది. పొట్టు లేచింది.

అంతలో కాలవ అవతల మోటారుసైకిలు హారను మోగింది. ఒకసారి కాదు. బొత్తాం నొక్కి పట్టుకున్నట్టు మోగింది.

ఎవరూ కదపలేని మనిషిని ఆ హారను లేపింది. మత్తయి గడప మీద నుంచి లేచి, పై గుడ్డ నడుముకు చుట్టుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళాడు. పాతికేళ్ళ పాలేరుతనం ఆ కాళ్ళలో ఉంది.

కొండమ్మ చేట కింద పెట్టింది. ఖాళీ గడప దాటి మొగుడి వెనకే వెళ్ళింది. పిల్లలిద్దరూ తల్లి వెనక నడిచారు.

మత్తయి పనిచేసే ఆసామి చలపతిరావు కాలవ వంతెన దాటడు. ఎప్పుడూ దాటలేదు. పల్లె ఆయన దగ్గరికి పోవాలి. వంతెన చివర చేతికర్ర ఆనించి నిలబడ్డాడు. పక్కన మోటారుసైకిలు మీద ఆయన కొడుకు వెంకటరత్నం. అదే హాస్టలు, అదే క్లాసు. యేసుదాసును చూసి చూపు హ్యాండిలు మీదికి తిప్పుకున్నాడు.

"ఏరా మత్తయ్యా, నీ పెళ్ళాం తెనాలిలో హోటలు పెడుతుందంటగా?"

"అయ్యో, అదేం లేదండయ్యా. కుర్రోడు ఏదో అన్నాడండి. కూకలేశానండి."

"కూకలేస్తే సరిపోద్దా? నీ కొడుకు మావాడి నోటికాడ కూడు తీశాడు. మావాడు హోటళ్ళ వెంట తిరిగి కడుపునొప్పంటున్నాడు. పిల్లల్ని చదువుకి పంపామా, వీడి కింద కూటికి పంపామా?"

వెంకటరత్నం గొంతు సవరించుకున్నాడు. "నేను మంచిగానే చెప్పాను నాన్నా. వినడు."

"ఏం చెప్పావో అదీ చెప్పు," అన్నాడు యేసుదాసు. "మేనేజరుగా బోర్డు మీద నా పేరుండొచ్చంట. వంటగదిలోకి మాత్రం నా బదులు నువ్వెళ్తావంట. పేరు నాది, గడప నీదా?"

"అంతకన్నా ఏం కావాల్రా నీకు? పరువు నిలబెడదామనుకున్నా."

"ఎవరి పరువు?"

చలపతిరావు కర్రతో నేలను కొట్టాడు. "నోరు! మీ అయ్య నా ముందు తలెత్తి మాట్టాడలేదు ఇన్నేళ్ళలో. మత్తయ్యా, తాళం ఇవాళే వార్డెనుకి ఇచ్చెయ్యమను. మా వాడితో పాటే పంపించు, బండెక్కించుకుపోతాడు."

"ఇచ్చేస్తాడండయ్యా. ఇదుగో ఇప్పుడే ఇస్తాడండి. దాసూ, ఇచ్చెయ్యరా. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగబోయాడు. కొడుకు వెనక్కి తగ్గాడు.

అప్పుడు కొండమ్మ నోరు తెరిచింది. పొద్దుటి నుంచి ఆ నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

"అయ్యగారూ, ఓ మాటడుగుతానండి. నిరుడు జై ఆంధ్రా గొడవల్లో మీ అబ్బాయినీ మావోణ్ణీ ఒకే లారీలో ఎక్కించుకుపోయారు గదండి."

"అయితే?"

"జైల్లో పొద్దున పూట గంజి పోసే పని మావోడికిచ్చారంటండి. మీ అబ్బాయి రోజూ చిప్ప పట్టుకుని మావోడి ముందు నిలబడేవోడంట. ఇంకొంచెం పొయ్యరా దాసూ అని అడిగేవోడంట. అప్పుడు రాని కడుపునొప్పి ఇప్పుడెందుకొచ్చిందండీ?"

వంతెన ఇవతల పల్లె జనం పోగయ్యారు. ఎవరో నవ్వబోయి మింగేశారు.

చలపతిరావు మెల్లిగా కొడుకు వైపు తిరిగాడు. "నిజమేనంట్రా?"

ఆ జైల్లో వెంకటరత్నం యేసుదాసు భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. బయటికొచ్చిన రోజు దండలు వేస్తే, తన మెళ్ళోది తీసి యేసుదాసు మెళ్ళో వేశాడు. మనుషులు అంత తేలిగ్గా మంచివాళ్ళవుతారు. మళ్ళీ అంత తేలిగ్గానే మానేస్తారు.

"అబద్ధం నాన్నా," అన్నాడు వెంకటరత్నం. "నాకు బయట నుంచి క్యారేజీ వచ్చేది."

యేసుదాసు నవ్వాడు. ఆ నవ్వు తిట్టు కన్నా ఘాటుగా తగిలింది. చలపతిరావుకు కొడుకు మొహం చూస్తే అర్థమైపోయింది. అర్థమైన కోపం కొడుకు మీదికి పోలేదు. అది ఎప్పుడూ పోయే వైపుకే పోయింది.

"సరే. రేపట్నించి ఊడ్పులకి మీ పల్లె మనిషి నా చేలో కాలు పెట్టడు. వేమూరు వైపు నుంచి కూలీల్ని తోలిస్తా. మిగతా ఆసాములతో కూడా మాట్టాడతా. మత్తయ్యా, నువ్వు కూడా మానెయ్. మీ ఆవిడ నోటికి పల్లె పల్లెంతా దణ్ణం పెట్టుకోండి."

మోటారుసైకిలు వెళ్ళిపోయింది. దుమ్ము మాత్రం వంతెన దాటి పల్లె మీద పడింది.

మత్తయి పెళ్ళాం మీద చెయ్యెత్తాడు. "ముండా! పల్లె నోట్లో మట్టి కొట్టావు గదే!"

"కొట్టు," అంది కొండమ్మ. "ఆయన ఇంకా మలుపు తిరగలేదు. కేకేసి చూపిచ్చి కొట్టు. సంబరపడతాడు."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత దానంతటది దిగింది. పోగైన జనం ఒక్కొక్కరే పక్కకు తిరిగి వెళ్ళిపోయారు. నిన్నటిదాకా వదినా, అక్కా అని పిలిచిన ఆడవాళ్ళు ఆమెను ముట్టుకోకుండా పక్క నుంచి నడిచారు. పల్లె కోపం చలపతిరావు మీదికి పోవాలి. పోలేదు. చేతికందే మనిషి మీదికే పోయింది.

"దాసూ," అంది కొండమ్మ, "సాయంత్రం రైలు ఎన్నింటికి?"

రైల్లో తల్లీ కొడుకూ ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రేమకుమారి తండ్రి దగ్గర ఉండిపోయింది. బయలుదేరేటప్పుడు మత్తయి మొహం గోడకు తిప్పి పడుకున్నాడు. వెళ్ళొస్తానని కొండమ్మ చెప్పలేదు. వెళ్ళి రమ్మని అతను అనలేదు.

కిటికీ బయట చేలన్నీ నీళ్ళతో మెరుస్తున్నాయి. కొన్నిటిలో నాటు పడింది. కొన్నిటిలో నారు కట్టలు విసిరి ఉన్నాయి, రేపటి చేతుల కోసం. కొండమ్మ వాటి వంక చూడలేదు.

"అక్కడ నీకు సాయం ఎవురున్నారు?"

"పౌలున్నాడమ్మా. రాత్రికి కట్టెలు కొట్టి, పొద్దున్నే నీళ్ళు తోడి పెడతానన్నాడు. వాడితో పాటు మన కుర్రాళ్ళు ఒక వరస. వాళ్ళు ముందు కూచుంటే, ఆకలి మీదున్న మిగతా వాళ్ళు వెనక కూచుంటారు. ఒక వరస కూచుంటే చాలు. పౌలు లేకపోతే నేను లేనమ్మా."

"మంచి పిల్లోడు. ఎవురి బిడ్డ?"

రైలు వేమూరులో ఆగింది. యేసుదాసు ప్లాట్‌ఫారం మీద బఠాణీలమ్మే మనిషిని చూస్తూ కూర్చున్నాడు. తల్లి ఏమడుగుతోందో తెలుసు. జవాబు చెబితే ఆమె ఈ స్టేషన్లోనే దిగిపోతుందని కూడా తెలుసు.

"బాపట్ల వైపు వాడు," అన్నాడు.

అంతే అన్నాడు. మీటింగుల్లో మైకు లేకుండా వందమందికి వినిపించే గొంతు, ఎదురుగా ఉన్న తల్లికి ఇంకొక్క మాట వినిపించలేకపోయింది. ఊళ్ళో ఆసామి మొహం మీద చెప్పడానికి కావలసింది కోపం. అది మనకు బోలెడుంది. కన్నతల్లికి చెప్పడానికి కావలసింది వేరు. అది మనలో చాలామందికి ఇంకా మొలవలేదు.

సోమవారం పొద్దున హాస్టలు వంటగదిలో పొయ్యి రాజుకుంది. కొండమ్మ కొంగు బిగించి, గుండిగలు తోమించి, కూరకు వంకాయలు తరిగింది. పెద్ద గచ్చు నేల, గాలి వచ్చే కిటికీలు, చెయ్యి చాస్తే అందే నీళ్ళు. ఆ వంటింటిని చూసి ఒక్కసారి నవ్వింది కూడా.

"ఇట్టాంటి వంటిల్లు పెట్టుకుని అలిగిపోయాడా ఆ బాపనయ్య? పిచ్చోడు."

పౌలు చొక్కా విప్పి, బనీను మీద కూర్చుని, గంగాళంలో బియ్యం కడుగుతున్నాడు. పలచటి మనిషి. మాట తక్కువ. చేతులు మోచేతుల దాకా బియ్యం నీళ్ళలో ఉన్నాయి.

"పిన్నీ, ఎసట్లో పొయ్యమంటావా?"

"ఉండు నాయనా, కాగనీ. ఏ ఊరు మీది?"

"బాపట్ల అవతల పిన్నీ."

"ఏ గుడి?"

"బాప్టిస్టు గుడి."

ఆ పేరు వినగానే కత్తిపీట మీద కొండమ్మ చెయ్యి ఆగింది; తమ పల్లె వాళ్ళు పోయే గుడి కాదది. "మీ నాయన ఏం చేస్తాడు?"

పౌలు తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. అడిగింది ఎందుకో అతనికి తెలుసు. చిన్నప్పటి నుంచి ఎన్నో ఇళ్ళ ముందు ఈ ప్రశ్న విన్నాడు.

"చెప్పులు కుడతాడు పిన్నీ. డప్పు కొడతాడు. మాది మాదిగపల్లె."

కొండమ్మ తిట్టలేదు. లేచింది. గంగాళం రెండు చెవులూ పట్టుకుని దొడ్డి వైపు ఈడ్చుకుపోయింది. కడిగిన బియ్యాన్ని తూము దగ్గర ఒంపేసింది. స్టోరులోంచి వేరే బియ్యం తెచ్చుకుని, వేరే నీళ్ళు పోసుకుని, తనే కడగడం మొదలుపెట్టింది.

తూము దగ్గర తెల్లగా పడివున్న బియ్యం మీదికి కాకులు దిగాయి.

పౌలు చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. వాకిట్లో నిలబడిన యేసుదాసును చూశాడు.

"నీకు తెలుసు," అన్నాడు.

"పౌలూ, విను..."

"ఇట్టా అవుద్దని నీకు తెలుసు. అందుకే ఇంట్లో నేనెవరో చెప్పలేదు."

"చెబితే రాదురా. మొదట ఇది గెలిస్తే, తర్వాత..."

"తర్వాత ఎప్పుడు? వంటాయనకి నువ్వు తర్వాత అన్నావా?"

కొండమ్మ వెనక్కి తిరక్కుండానే అంది. "నేనేమన్నా కొట్టానా, తిట్టానా? నా పద్ధతి నాది. గుడి పండక్కి మీ వోళ్ళు వండింది మా వోళ్ళు ముట్టరు. అది ఇయ్యాల నేను పెట్టిందా?"

"వంటాయన కూడా ఇదే అన్నాడు పిన్నీ. నా పద్ధతి నాదన్నాడు."

"పిన్నీ ఏంటి? నేను నీకు పిన్నినెట్టా అయ్యాను?"

పౌలు చొక్కా తొడుక్కున్నాడు. "ఏమీ కారులెండి," అన్నాడు. ఆ ‘అండి’ విని యేసుదాసుకు చెంపదెబ్బ తిన్నట్టయింది.

పౌలు బయటికెళ్ళి భోజనాల సావిట్లో కూర్చున్నాడు. తన కంచం బోర్లించి ముందు పెట్టుకున్నాడు. విషయం క్షణంలో పాకింది. మాదిగపల్లెల కుర్రాళ్ళు నలుగురు వచ్చి అతని పక్కన కూర్చున్నారు. కంచాలు బోర్లించారు. యేసుదాసు వైపు మాలపల్లెల కుర్రాళ్ళు దూరంగా స్తంభాల దగ్గర నిలబడిపోయారు. ఎటూ రాలేదు. ముందు కూర్చోవాల్సిన వరస మధ్యకు చీలింది.

వరండాలో వెంకటరత్నం, వాళ్ళ జట్టు కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. ఊరి నుంచి క్యారేజీలు తెప్పించుకున్నారు.

"అరే పౌలూ, ఇట్రా," అని పిలిచాడు వెంకటరత్నం. "పులిహోర ఉంది. మా పక్కన కూచోవచ్చు ఇవాళ. మా యేసుదాసు వాళ్ళమ్మంత పట్టింపు లేదులే మాకు."

జట్టు అంతా నవ్వింది.

"జైల్లో ఎవరి చేతి గంజి తాగావో మీ నాన్నకి చెప్పడానికి భయపడ్డావంటగా," అన్నాడు పౌలు. "భయం పోయాక పిలువు. అప్పుడు నీ పక్కన కూచోవాలో లేదో ఆలోచిస్తా."

నవ్వు ఆగిపోయింది. కానీ పౌలు కంచం తిరగలేదు.

వంటగదిలో తల్లీ కొడుకూ మిగిలారు. ఎసట్లో బియ్యం పడింది. కూర ఉడుకుతోంది. వాసన సావిడి దాకా పోతోంది. ఆకలి మీదున్న కుర్రాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూసి పోతున్నారు.

"అమ్మా, పొయ్యి కాడ్నుంచి లే."

"ఏంటి?"

"లే. పౌలుని ముట్టనివ్వని వంటిల్లు నాకొద్దు. వంటాయన్ని పోగొట్టుకుని ఇంకో వంటాయన్ని తెచ్చుకోడానికా నేను ఇంత చేసింది?"

కొండమ్మ గరిటె పట్టుకునే నిలబడింది. మొహం ఎర్రబారింది.

"నేను ఎవుర్ని ఎదిరించి వచ్చానురా? ఆ ఆసామి మొహాన ఎవురు మాట్టాడారు, నువ్వా నేనా? పల్లె పల్లెంతా నన్ను వెలేసినట్టు చూసింది. మీ నాయన మొహం తిప్పేశాడు. నీ కోసం గదరా! ఇప్పుడు ఎవురో మాదిగ పిల్లోడి కోసం నన్ను లెమ్మంటావా? లేచి ఏడికి పోవాలి? ఏ మొహం పెట్టుకుని దిగాలి ఆ స్టేషన్లో?"

తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదు. పౌలు అన్నదాంట్లోనూ లేదు. రెండు నిజాలు ఒకే గదిలో ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాయి. మధ్యలో వీడు, జేబులో తాళం బరువుతో.

"నేను తప్పు చేశానమ్మా. నీకు ముందే చెప్పాల్సింది. చెప్పుంటే వచ్చేదానివి కాదు, అదీ నిజం. కానీ వాడు లేకుండా నాకీ మెస్సు వద్దు. తాళం ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్. ఇచ్చేసి అందరి ముందూ తల దించుకో."

వీరరాఘవయ్య సావిట్లోకి వచ్చాడు. గడియారం చూసుకున్నాడు. బోర్లించిన కంచాలు చూశాడు, స్తంభాల దగ్గర నిలబడ్డ వాళ్ళను చూశాడు, వరండా జట్టును చూశాడు. ఒక్క చూపులో చరిత్ర మొత్తం అర్థమైన మనిషిలా తలాడించాడు.

"ఏం యేసుదాసూ! మీలో మీకే కుదరలేదన్నమాట. నేను ముందే అనుకున్నాను."

ఆ గొంతులో కోపం లేదు. తృప్తి ఉంది. అది కొండమ్మ చెవిన పడింది. నిన్న వంతెన మీద చలపతిరావు గొంతులో లేనిదేదో ఇందులో ఉంది. ఆమె వంటగది గుమ్మం దాకా వచ్చి ఆయన్ని పైనించి కిందికి చూసింది.

లోపల అన్నం పొంగింది. ఉడికిపోయింది. ఇక ఒక్క నిమిషం ఆగినా ముద్దయిపోతుంది. గుండిగ పెద్దది. మూతికి పళ్ళెం అడ్డంపెట్టి, చెరో వైపు మసిగుడ్డతో పట్టుకుని, ఇద్దరు కలిసి వంచితే గాని గంజి వారదు. ఒక్క మనిషి వల్ల కాదు.

కొండమ్మ ఒక వైపు పట్టింది. "దాసూ, పట్టు."

యేసుదాసు చేతులు కట్టుకున్నాడు. "నేను పట్టను. ఎవరు పట్టాలో నీకు తెలుసు. పిలువు."

"అన్నం చెడుద్దిరా!"

"చెడనీ."

ఆమె కొడుకు వంక చూసింది. గుండిగ వంక చూసింది. గుమ్మంలోంచి కనపడుతున్న వార్డెను వంక చూసింది, కుర్చీల్లోంచి మెడలు సాచి వింత చూస్తున్న వాళ్ళ వంక చూసింది. రెండో మసిగుడ్డ తీసుకుంది. సావిట్లోకి విసురుగా వచ్చి పౌలు ముందు నిలబడింది. గుడ్డ పట్టిన చెయ్యి చాపింది.

"ఏయ్, పిల్లోడా. లే. వచ్చి ఓ చెయ్యి పట్టు."

ఆ పిలుపులో ప్రేమ లేదు. తిట్టినట్టే పిలిచింది. అయినా స్తంభాల దగ్గర నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఒక అడుగు ముందుకేశారు.

పౌలు ఆ గుడ్డను చూశాడు. ఆమె మొహం చూశాడు.

"ఎందుకు పిన్నీ? అన్నం ముద్దయిపోద్దనా?"

"ఔను. ముద్దయిపోద్ది. లే."

"నా చెయ్యి పడిన బియ్యం ఎందుకు ఒంపేశావో చెప్పి పిలువు. ఇక్కడే. వీళ్ళందరికీ వినపడేట్టు చెప్పు. అప్పుడు లేస్తా."

కొండమ్మ పెదవులు కదిలాయి. నిన్న కాలవ గట్టున ఆసామిని నిలదీసిన నోరు అది. ఇప్పుడు దాని నుంచి ఒక్క అక్షరం ఊడిపడలేదు. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బెల్లు మోగింది.

వీరరాఘవయ్య నెమ్మదిగా నడిచొచ్చి, తల్లి వెనకే సావిట్లోకి వచ్చిన యేసుదాసు ముందు అరచెయ్యి చాపాడు. "తాళం."

సావిట్లో రెండు చేతులు చాపి ఉన్నాయి. వంటగదిలో అన్నం అడుగంటిన వాసన మొదలైంది. యేసుదాసు చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడే ఆగింది. అందరూ పౌలు వంక చూస్తున్నారు.

పౌలు ఆ రెండు చేతులూ చూశాడు. కూర్చున్న చోటు నుంచి లేవలేదు.